గాల్లో 18 నిమిషాలు... నేల మీద నాలుగు గంటలు

దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడం మైలురాళ్లకు అలవాటు. మనుషులకు కాదు. రాయలసీమ పల్లెల్లో ఎవరినైనా "ఫలానా ఊరు ఎంత దూరమన్నా?" అని అడిగి చూడండి. "ఎంత దూరంలే, ఇట్ల పొయ్యి అట్ల రావచ్చు" అంటారు. లేదంటే "ఇప్పుడు కదిల్తే సంగటి యాళకు ఆడుంటావ్" అంటారు. అంతకుముందు తరంవాళ్లు కూతవేటు, కోసు, ఆమడ అనేవారు. అడిగింది దూరమైనా చెప్పేది మాత్రం పట్టే సమయం. ఆలోచిస్తే, ప్రయాణికుడికి కావలసింది కూడా అదే.

ఆ సంగతి పక్కన పెట్టి, ఓ చిన్న లెక్క. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో ఓ విమానాశ్రయం ఉంది. కడపలో మరొకటి ఉంది. రెండూ సీమవే. రెండింట్లోనూ రెక్కల మీద పంకాలు తిరిగే చిన్న విమానాలు దిగుతుంటాయి. మరి ఈ రన్‌వే నుంచి ఆ రన్‌వేకి ఎంత దూరం? ఎంతసేపు పడుతుంది?

దూరం తేల్చడం తేలిక. తొమ్మిదో తరగతి లెక్క చాలు. ఓర్వకల్లు రన్‌వే ఉన్నది సుమారు 15.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. కడపది 14.5 దగ్గర. అక్షాంశంలో ఒక డిగ్రీ తేడా అంటే నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు. ఆ లెక్కన కడప ఓర్వకల్లుకు దక్షిణంగా 133 కిలోమీటర్లు కిందికి ఉంది. ఇక తూర్పు పడమరల తేడా. రేఖాంశాల మధ్య దూరం భూమధ్యరేఖ దగ్గర ఎక్కువ, ధ్రువాల వైపు పోయేకొద్దీ తగ్గిపోతుంది. సీమ ఉన్నచోట ఒక డిగ్రీకి 107 కిలోమీటర్లు వస్తుంది. రెండు విమానాశ్రయాలకూ తేడా 0.6 డిగ్రీలు. అంటే కడప 65 కిలోమీటర్లు తూర్పుకు జరిగి ఉంది. ఈ రెండింటినీ లంబకోణ త్రిభుజానికి భుజాలుగా వేసుకుని పైథాగరస్ సూత్రం పట్టిస్తే కర్ణం 148 కిలోమీటర్లు. పైలట్ల భాషలో 80 నాటికల్ మైళ్లు. ఆమడకు ఎనిమిది మైళ్ల చొప్పున తాతల భాషలో చెప్పాలంటే పదకొండున్నర ఆమడలు. భూమి గుండ్రంగా ఉందిగా, ఆ వంపు లెక్కేదీ అంటారా? ఇంత చిన్న దూరానికి అదేమంత తేడా తీసుకురాదు.

ఇప్పుడు సమయం. ఇలాంటి ఊళ్లకు వచ్చే ఎ.టి.ఆర్. 72 రకం విమానం పైకెళ్లి కుదురుకున్నాక గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 148ని ఆ వేగంతో భాగిస్తే 18 నిమిషాలు వస్తుంది. కాఫీ తెప్పించుకుని తాగి, గ్లాసు పక్కన పెట్టేలోగా అయిపోయే ప్రయాణమన్నమాట!

కానీ విమానం బాణం కాదు. రన్‌వే చివరిదాకా పాక్కుంటూ పోవాలి, అనుమతి కోసం ఆగాలి, ఎగరాలి, ఎక్కాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు దానికి పూర్తి వేగం ఉండదు. 148 కిలోమీటర్ల దూరంలో ఎక్కడం ముగిసీ ముగియగానే దిగడం మొదలవుతుంది. మధ్యలో తిన్నగా పోయేది చాలా తక్కువ. గాలి వాలును బట్టి రన్‌వే ఏ కొస నుంచి దిగాలో చూసుకుని ఓ చుట్టు తిరగాల్సి రావచ్చు. అందుకే విమానయాన సంస్థలు గాల్లో ఉన్న సేపటిని కాక, చక్రాల కింది అడ్డుకట్టలు తీసినప్పటి నుంచి మళ్లీ పెట్టేదాకా పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. ఆ లెక్కన ఓర్వకల్లు నుంచి కడపకు 35, 40 నిమిషాలు వేసుకోవాలి. కాగితం మీది 18 నిమిషాలు రెట్టింపు అయ్యాయి!

అయినా తక్కువే అనిపిస్తుంది. పైగా అలాంటి విమానం ఉంటే కిటికీ పక్క సీటుకు గిరాకీ ఉంటుంది. ఎడమ వైపు కూచున్నవాళ్లకు నల్లమల, కుడి వైపు వాళ్లకు ఎర్రమల. మధ్యలో నంద్యాల లోయ, నల్లరేగడి చేలు. ఓర్వకల్లు వైపు కొండల్లో పుట్టే కుందూనది కూడా ఇంచుమించు ఇదే దారిన వంకర్లు తిరుగుతూ పోయి పెన్నలో కలుస్తుంది. సరిగ్గా సగం దారి అయ్యేసరికి విమానం కింద ఆళ్లగడ్డ ప్రాంతం ఉంటుంది. ఉయ్యాలవాడ ఆ దగ్గర్లోనే. 1846లో కంపెనీ సర్కారు మీద తిరగబడి, 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డి ఊరు. ఓర్వకల్లు విమానాశ్రయానికి పెట్టింది ఆయన పేరే. ఆ తర్వాత ప్రొద్దుటూరుకూ మైదుకూరుకూ నడుమ నుంచి పోయి, పెన్న దాటితే కడప.

అలాంటి విమానం ఉంటే... అన్నాం కదా. లేదు. ఈ రెండూళ్ల మధ్య నేరుగా సర్వీసు లేదు. విమానంలోనే పోతానని పంతం పట్టినవాడికి బెంగళూరో, చెన్నైయో చుట్టి రావడమే గతి. ఓర్వకల్లు నుంచి బెంగళూరు విమానాశ్రయం సుమారు 283 కిలోమీటర్లు. అక్కడి నుంచి కడప 185. మొత్తం 468 కిలోమీటర్లు. చెన్నై మీదుగా అయితే దాదాపు 600. ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు! మధ్యలో ఆ ఊళ్లో పడిగాపులు వేరే. సమయాలు కలవకపోతే పూట గడిచిపోవచ్చు, రోజూ గడిచిపోవచ్చు.

అయితే నేరుగా విమానం వేయాలని ధర్నా చేయాలా? తొందరపడొద్దు. వేశారనే అనుకోండి. కర్నూలు పాతబస్తీలో ఉన్న ఒకాయనకు కడపలో బంధువుల పెళ్లి. ఇంటి నుంచి ఓర్వకల్లు చేరడానికి ముప్పావు గంట. విమానం కదలడానికి గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి గంటంపావు ముందన్నా అక్కడుండాలి. విమానంలో 40 నిమిషాలు. దిగి, బ్యాగు తీసుకుని బయటపడటానికి పావుగంట. కడప విమానాశ్రయం ఊరికి వాయవ్యాన, కొంచెం ఎడంగా ఉంటుంది. కల్యాణ మండపం చేరేసరికి మరో అరగంట. అంతా కూడితే దగ్గర దగ్గర మూడున్నర గంటలు. ఇంటి ముందు కారెక్కి తిన్నగా పోయినా నాలుగు గంటలు అటూ ఇటూ!

ఇందులో అసలు తమాషా ఇంకోటుంది. ఓర్వకల్లు ఉన్నది కర్నూలు నుంచి కడప పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీదే. విమానాశ్రయానికి బయల్దేరినాయన అప్పటికే కడప దారిలో ఉన్నాడన్నమాట. ఆయన లోపలికెళ్లి, బెల్టు విప్పి, సెల్లు ట్రేలో పెట్టి, కుర్చీలో కూచుని ఎదురుచూస్తుండగా, అదే కారు ఆగకుండా పోయి ఉంటే విమానం కదిలేవేళకు నంద్యాల దాటేసేది. మిరపకాయ బజ్జీలకు ఆపితే తప్ప.

మరీ దగ్గరి ఊళ్ల మధ్య విమానం ఎక్కడా నడవదా అంటే, నడుస్తుంది. స్కాట్లాండుకు ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అని రెండు చిన్న దీవులున్నాయి. వాటి మధ్య విమానం పోయే దూరం 2.7 కిలోమీటర్లు. 1967 నుంచీ లోగన్ఎయిర్ అనే సంస్థ అక్కడ విమానం నడుపుతోంది. టైంటేబుల్లో వేసేది రెండు నిమిషాలే. గాలి అనుకూలించిన ఒకరోజు 53 సెకన్లలో దిగేశారట. ప్రపంచంలోకెల్లా పొట్టి విమాన ప్రయాణం అదే. ఆ దీవుల్లో టీచర్లు, రోగులు, డాక్టర్లు దాన్ని సిటీబస్సులాగా వాడుకుంటారు. అక్కడ అది ఎందుకు నిలబడిందంటే, మధ్యలో సముద్రం ఉంది. ఇక్కడ మధ్యలో నంద్యాల ఉంది. అదీ తేడా.

ఫ్రాన్సువాళ్లయితే దీనికి పూర్తిగా ఎదురు తిరిగారు. రెండున్నర గంటల్లోపు రైలు ఉన్న ఊళ్ల మధ్య విమానాలు వద్దని 2023 మేలో ఉత్తర్వు తెచ్చారు. పారిస్‌లోని ఓర్లీ నుంచి నాంత్, లియోన్, బోర్డో పోయే విమానాలు అలా ఆగినవే. వాళ్ల రైళ్లు గంటకు 300 కిలోమీటర్లు పోతాయి కాబట్టి వాళ్లకు చెల్లింది. మన సంగతి? ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, కోయిలకుంట్ల, బనగానపల్లె మీదుగా నంద్యాల దాకా 123 కిలోమీటర్ల రైలు మార్గం మంజూరైంది 1996-97లో. దాని మీద ప్రయాణికుల రైలు కదిలింది 2016 ఆగస్టులో. ఇరవై ఏళ్లు! అంటే ఏడాదికి ఆరు కిలోమీటర్లు. ఎద్దులబండి నవ్వుకుని ఉంటుంది. ఆ లైను వచ్చాక కూడా కర్నూలు టౌన్లో రైలెక్కినవాడు ముందు నైరుతి వైపున్న డోన్ పోయి, అక్కణ్నుంచి మళ్లీ తూర్పున నంద్యాలకు వచ్చి, ఆ తర్వాతే దక్షిణానికి తిరగాలి.

ఈ రెండూళ్లను కలపాలన్న కోరిక నిన్నటిది కాదు. అన్నిటికన్నా ముందు కలిపింది నీళ్లు. పేరులోనే ఉంది, కర్నూలు-కడప కాలువ. జనం నోట్లో కె.సి. కెనాల్. సర్ ఆర్థర్ కాటన్ ఊహకు పెట్టుబడి పెట్టడానికి లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టి, 1860లలో కాలువ తవ్వారు. పొడవు 300 కిలోమీటర్ల పైమాటే. పొలాలకు నీళ్లివ్వడమే కాదు, సరుకుల పడవలు నడపాలన్నది కూడా అప్పటి ఆలోచన. ఆ కాలువ పొడవును ఆకాశంలోని 148తో పోల్చి చూడండి. రెట్టింపు! నీళ్లు పల్లాన్నే వెతుక్కుంటాయి, వాటికి కర్ణం లెక్క తెలీదు.

ఆ కంపెనీ కథలో ఒక సంగతి ఇవాళ్టి విమానాలకు కూడా పనికొస్తుంది. వాటాదారులు ధైర్యంగా డబ్బు పెట్టడానికి కారణం, పది లక్షల పౌన్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ తప్పకుండా ఇప్పిస్తామని సర్కారు హామీ ఉండటమే. ఖర్చు అంచనా దాటింది. రైతులు అనుకున్నంతగా నీళ్లకు డబ్బు కట్టలేదు. పడవల రాబడి పెద్దగా లేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. పడవలు పోయాయి, కాలువ మిగిలింది. ఈనాటికీ కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల పొలాలకు నీరిచ్చేది అదే.

ఇప్పుడు అదే హామీ ఆకాశంలోకి వెళ్లింది. చిన్న ఊళ్లకు విమానాలు నడిపేవాళ్లకు వచ్చే నష్టాన్ని పూడ్చడానికి కేంద్రం 2016లో ఉడాన్ పథకం ప్రకటించింది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలకు మించకుండా సగం సీట్లు అమ్మాలన్నది అప్పటి నియమం. తరుగుపడిన డబ్బు మూడేళ్లపాటు ప్రభుత్వం ఇస్తుందన్నారు. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో తొలి విమానానికి జెండా ఊపినరోజే, నాందేడ్‌తోపాటు కడప నుంచి కూడా హైదరాబాదుకు ఉడాన్ విమానం మొదలైంది. దేశం మొత్తంలో తొలిరోజు వరసలో కడప పేరుంది. ఈ సంగతి కడపవాళ్లలోనే చాలామందికి గుర్తుండదు.

గుర్తుండకపోవడానికీ కారణం ఉంది. కడపకు విమానాలు వచ్చిన తీరు వానలు వచ్చిన తీరే. 2015 జూన్ 7న విమానాశ్రయం తెరిచారు. బెంగళూరుకు ఎయిర్ పెగాసస్ విమానాలు మొదలయ్యాయి. 2016 జులైలో ఆ సంస్థే విమానాలు ఆపేసింది. తర్వాత ట్రూజెట్ వచ్చింది. ఉడాన్ కింద నడిపింది. 2022 ఫిబ్రవరి నాటికి దాని విమానాలు కూడా నేల మీదే ఆగిపోయాయి. ఆ మార్చి నెలాఖర్లో ఇండిగో అడుగుపెట్టింది. ఓర్వకల్లు ఇంకా చిన్నది. 2021 మార్చి 25న ప్రారంభమైంది, మూడు రోజులకే బెంగళూరు, విశాఖ, చెన్నైలకు విమానాలు ఎగిరాయి. విజయవాడకు 2025 జులైలో గానీ రాలేదు. అదీ వారానికి మూడు రోజులతో మొదలు. పెళ్లి ముహూర్తం, డాక్టరు అపాయింట్‌మెంటు, సెక్రటేరియట్‌లో పని... అన్నీ ఆ మూడు రోజుల్లోనే పడాలి మరి.

ఇది సీమ జాతకమే అనుకోవద్దు. కాగ్ 2023 నివేదికలో దేశం మొత్తం లెక్క ఉంది. ఉడాన్ మొదటి మూడు విడతల్లో 774 రూట్లు ఇచ్చారు. వాటిలో మొదలైనవి 371. మూడేళ్ల రాయితీ గడువు పూర్తిచేసినవి 112. రాయితీ అయిపోయాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. వందకు ఏడు! వేరుశనగ రైతుకైనా ఇంతకన్నా మంచి దిగుబడే వస్తుంది, వాన పడిన ఏడాదిలో.

అంటే విమానాలు సీమకు దండగా? అదీ కాదు. ఓర్వకల్లు నుంచి విశాఖ తీసుకోండి. ఆకాశంలో సుమారు 580 కిలోమీటర్లు. రోడ్డు మీద ఓ పగలో, ఓ రాత్రో పూర్తిగా పోతుంది. విమానంలో గంటన్నర. విమానాశ్రయంలో కూచునే ఆ రెండు గంటలు అక్కడ గిట్టుబాటవుతాయి. హైదరాబాదు కడపకు గాలిదారిలో 300 కిలోమీటర్లు. అక్కడ కూడా విమానానిదే పైచేయి. దూరం తగ్గేకొద్దీ ఆ కూచునే రెండు గంటలే ప్రయాణాన్ని మింగేస్తాయి. పైగా విమానం వయసును ఎన్నిసార్లు ఎగిరి దిగింది అన్నదాన్ని బట్టి కూడా లెక్కవేస్తారు. 148 కిలోమీటర్లు పోయినా ఒక ఎగరడం, ఒక దిగడమే. 580 పోయినా అంతే. సంస్థవాడు దేనికి మొగ్గుతాడో చెప్పనక్కర్లేదు. విశాఖ నుంచి వచ్చే విమానం కర్నూల్లో ఆగి, కడప మీదుగా చెన్నై పోయే పద్ధతి ఒకటుంది, ఎర్రబస్సు పద్ధతి. దానివల్ల రెండూళ్లు కలుస్తాయి, సీట్లు కూడా నిండుతాయి. కానీ విశాఖలో ఎక్కినవాడు రెండుచోట్ల ఆగడానికి ఒప్పుకోవాలిగా!

అందుకని, కర్నూలు నుంచి కడపకు విమానం లేకపోవడం ఒక లోటుగా చెప్పుకోనక్కర్లేదు. చెప్పుకోవలసిన లోటు వేరే ఉంది. ఉన్న సర్వీసులు వచ్చే ఏడాదికీ ఉంటాయో లేదో తెలియకపోవడం. కువైట్ నుంచి సెలవు మీద వచ్చే కడప జిల్లా మనిషి తిరుగు ప్రయాణానికి టిక్కెట్ ముందే కొనుక్కోవాలి. ఊరి నుంచి చెన్నైకో, హైదరాబాదుకో విమానం ఉంటుందో ఉండదో తెలియనప్పుడు ఆయన టాక్సీనే నమ్ముకుంటాడు. ఆయన ఎక్కకపోతే సీటు ఖాళీ. సీటు ఖాళీ అయితే సర్వీసు బంద్. సర్వీసు బంద్ అయిందని తెలిశాక పక్కింటివాళ్లు కూడా టాక్సీయే మాట్లాడుకుంటారు.

ఇక కర్నూలు-కడపల మధ్య రద్దీ ముందుముందు పెరిగేదే తప్ప తరిగేది కాదు. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న కర్నూల్లో హైకోర్టు బెంచి పెట్టాలని 2024 నవంబరులో శాసనసభ తీర్మానం చేసింది. అది కూచున్న రోజున కడప, రాయచోటి, పులివెందుల కక్షిదారులంతా కాగితాల సంచులు పట్టుకుని ఈ దారే పట్టాలి. పదిన్నరకు కోర్టు పిలుపు. విమానం కాదు వాళ్లకు కావలసింది. తెల్లవారుజామున కడపలో ఎక్కితే డోన్ చుట్టకుండా తొమ్మిదింటికల్లా కర్నూల్లో దించే రైలు ఒకటి. అది వచ్చేదాకా నాలుగున్నరకు లేచి బస్టాండుకు పోవాల్సిందే. మైదుకూరు దాటాక తెల్లారుతుంది, నంద్యాలలో టీ.